గుట్ట రాయి ఎంత లోతు వేడెక్కుతుంది? – ఇంటర్ దాటిన పిల్లలకు ఉత్తరం

నల్లగొండ

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీరు నలుగురూ వచ్చి వెళ్లాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. క్రైస్తవ కళాశాలలో కంప్యుటేషనల్ అప్లైడ్ ఫిజిక్స్ సీటు వచ్చిన అమ్మాయి "సార్, ఇది ఫిజిక్సా, కంప్యూటర్ కోర్సా?" అని అడిగింది. బయలుదేరుతూ వాళ్ల అమ్మ గుమ్మంలో ఆగి, "అంత దూరం, వాళ్ల మతం వాళ్ల కాలేజీ. మా పిల్ల మా పిల్లగానే తిరిగి వస్తుందా సార్?" అని అడిగింది. ఇద్దరికీ ముక్తసరిగా ఏదో చెప్పి పంపాను. రెండూ అంత తేలిగ్గా తేలే ప్రశ్నలు కావు. అందుకే కాగితం తీసుకున్నాను. మిగతా ముగ్గురూ, వచ్చే ఏడు పరీక్ష రాసేవాళ్లూ కూడా చదవండి.

ముందు అమ్మాయి ప్రశ్న. ఇంటర్‌లో లఘులోలకం చదివారు. ఆవర్తన కాలానికి సూత్రం కంఠస్థం చేశారు. ఆ సూత్రం పక్కనే "కోణం చిన్నదైనప్పుడు" అని ఒక మాట ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. గుండును 60 డిగ్రీలకు లాగి వదిలి చూడండి. ఆవర్తన కాలం సూత్రం చెప్పినదానికన్నా 7 శాతం ఎక్కువ వస్తుంది. న్యూటన్ నియమం మారలేదు, సమీకరణం మనకు తెలుసు, కానీ దాని జవాబు ఒక చిన్న సూత్రంలో ఇమడదు. నిజం చెప్పాలంటే ప్రకృతిలో ఎక్కువ భాగం ఇలాగే ఉంటుంది. పాఠ్యపుస్తకంలోకి ఎక్కినవి, చేతితో తెగే కొన్ని లెక్కలు మాత్రమే. తెగని వాటిని చిన్న చిన్న అడుగులుగా విడగొట్టి, ప్రతి అడుగుకూ నియమాన్ని అన్వయిస్తూ ముందుకు నడవడమే ఈ చదువు. నియమం ఫిజిక్స్‌ది, అడుగులు వేసే ఓపిక కంప్యూటర్‌ది.

మాది పోచంపల్లి. నాన్న చిటికి చీరలు నేసేవారు. నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగు అద్దాలి కాబట్టి చీర మీది చిలుక మగ్గం మీద కాక గ్రాఫు కాగితం మీద పుట్టేది. చిలుక ముక్కేమో వంపు, కాగితం మీద ఉన్నవేమో చదరాలు. ఆ వంపును చదరాల మెట్లుగా విడగొట్టి, ఒక్కో చదరానికి ఇన్ని పోగులని నాన్న లెక్క కట్టేవారు. చదరం పెద్దదైతే ముక్కు రంపంలా కనిపిస్తుంది. భుజాన్ని సగం చేస్తే వంపు నునుపు తేలుతుంది, కానీ చదరాలు నాలుగింతలవుతాయి, ముడులు కట్టే చేతులు నొప్పి పెడతాయి. ఎంత చిన్న చదరం సరిపోతుందో నాన్నకు తెలుసు. నేను ఎమ్మెస్సీలో న్యూమరికల్ మెథడ్స్ పుస్తకం తెరిచిన రోజు నాకు గుర్తొచ్చింది ఆ కాగితమే. మీ ఇళ్లలోనూ ఇలాంటి లెక్క ఏదో ఒకటి ఉండే ఉంటుంది, వెతకండి.

ఇప్పుడు మన ఊరి ఉదాహరణే చెబుతాను. మే నెల మధ్యాహ్నం లతీఫ్ సాహెబ్ గుట్ట రాయి మీద చెప్పులు లేకుండా కాలు పెట్టలేం. ఆ వేడి రాయి లోపలికి ఎంత దూరం వెళుతుంది? రాయిని సెంటీమీటరు మందం పొరలుగా ఊహించుకోండి. ప్రతి పొర ఉష్ణోగ్రతా తన పైపొర, కింది పొరల సగటు వైపు కొంచెం కొంచెంగా జరుగుతుంది. ఎంత జరుగుతుందన్నది రాయిలో వేడి పాకే తీరును చెప్పే గుణకాన్ని బట్టి ఉంటుంది. గ్రానైట్‌కు అది సెకనుకు సుమారు 1.3 చదరపు మిల్లీమీటర్లు. పైపొరకు ఎండనూ రాత్రినీ ఇచ్చి, అర నిమిషానికి ఒక అడుగు చొప్పున నడిపితే చాలు. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో పాతిక వరుసలు కూడా పట్టదు.

జవాబు చూస్తే ఆశ్చర్యపోతారు. రాయి పైభాగం పగటికీ రాత్రికీ మధ్య 30 డిగ్రీలు మారిందనుకుందాం. 19 సెంటీమీటర్ల లోతున ఆ మార్పు 11 డిగ్రీలకు తగ్గుతుంది, అదీ దాదాపు నాలుగు గంటలు ఆలస్యంగా చేరుతుంది. 60 సెంటీమీటర్ల లోతున మార్పు ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ, అంతే. కానీ పైన మధ్యాహ్నం రెండింటికి వేడి అత్యధికమైతే అక్కడ అత్యధికం తెల్లవారుజామున రెండింటికి! పైన రాయి చల్లబడి మనం పడుకున్న వేళ లోపల మధ్యాహ్నం నడుస్తూ ఉంటుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ సంగతి నాకు ముచ్చటగానే ఉంటుంది.

ఇక్కడే జాగ్రత్తగా వినండి. అదే ప్రోగ్రాములో అర నిమిషం బదులు నిమిషానికి ఒక అడుగు వేయండి. లెక్క త్వరగా ముగుస్తుంది కదా అని మీకు అనిపిస్తుంది. కానీ సెంటీమీటరు పొరకు అడుగు 38 సెకన్లు దాటితే ఒక చిన్న పొరపాటు తగ్గడం మాని పెరగడం మొదలుపెడుతుంది. నిమిషం అడుగుకు అది ప్రతిసారీ రెట్టింపు దాటుతుంది. అరగంట నడిచేసరికి మీ గుట్ట ఒక పొరలో కోట్ల డిగ్రీలు, పక్క పొరలో మైనస్ కోట్ల డిగ్రీలు చూపిస్తుంది. కంప్యూటర్ ఏ అభ్యంతరమూ చెప్పదు. పదో దశాంశ స్థానం దాకా అంకెలు అచ్చు వేసి ఇస్తుంది. ఇంత ఘోరమైన తప్పు మేలు, కంటికి కనిపిస్తుంది. భయపడవలసింది కనిపించని తప్పుకు.

నా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో జరిగింది అలాంటిదే. నేనూ ఒక క్రైస్తవ కళాశాలలోనే, మద్రాసులో చదివాను. అప్పట్లో ప్రోగ్రాము ఫోర్ట్రాన్‌లో రాసి, ఒక్కో వరుసను ఒక్కో కార్డు మీద చిల్లులుగా గుద్దాలి. వాక్యం ఏడో గడి నుంచి మొదలుకావాలి. ఒక్క కామా తప్పితే కార్డుల కట్ట అలాగే తిరిగి వచ్చేది, మళ్లీ వంతు వచ్చేదాకా ఎదురుచూడాలి. ఎన్నో వారాలకు నా గ్రాఫు వచ్చింది. నునుపైన గీత, ఎక్కడా మెలిక లేదు. పరుగున తీసుకెళ్లి మా ప్రొఫెసర్ ముందు పెట్టాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, "ఎక్కడ సరిచూశావు?" అని ఒక్క మాట అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి హాస్టల్లో చేతితో లెక్క కట్టి చూస్తే వేడి దిగవలసిన లోతులో సగమే దిగింది. ఉష్ణ వాహకతను కేలరీల్లో, విశిష్టోష్ణాన్ని జౌల్‌లలో వేసుకున్నాను. గుణకం 4.2 రెట్లు తగ్గింది కాబట్టి లోతు సగమైంది. పాత గ్రాఫు చింపబోతే ఆయన ఆపి, దాన్ని కూడా సిద్ధాంత పత్రంలో చేర్చమన్నారు, ఎందుకు తప్పు వచ్చిందో కింద రాయమన్నారు. అప్పుడు ఎంతో అవమానంగా అనిపించింది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాక, నేను ఆ కళాశాల నుంచి తెచ్చుకున్న అసలు ఆస్తి ఆ పేజీయే అని గట్టిగా చెప్పగలను.

అలాంటి పేజీ రాసినవాడు ఇంకొకరు ఉన్నారు, పేరు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. ఇంగ్లండు శాస్త్రవేత్త, క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందినవాడు, ఆయుధం పట్టనని నియమం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో అంబులెన్స్ దళంలో పనిచేస్తూ, విరామాల్లో చేతితోనే వాతావరణాన్ని లెక్క కట్టాడు. 1910 మే 20 నాటి కొలతలు తీసుకుని, ఆరు గంటల్లో వాయుపీడనం ఎంత మారుతుందో చూడాలని. వచ్చిన జవాబు 145 మిల్లీబార్లు! బంగాళాఖాతంలో పుట్టే భీకరమైన తుపాను నడిబొడ్డున కూడా పీడనం అంత పడిపోదు. నిజానికి ఆ రోజు పీడనం దాదాపు కదలలేదు. ఆయన ఆ అంకెను దాచలేదు. 1922లో అచ్చు వేసిన తన పుస్తకంలో పద్ధతితో పాటు ఆ వైఫల్యాన్నీ పూర్తిగా పెట్టాడు. పద్ధతి సరైనదేననీ, ఆరంభ కొలతల్లోని పొంతన లేనితనమే లెక్కను చెడగొట్టిందనీ తర్వాతివాళ్లు తేల్చగలిగింది ఆయన అన్నీ బయట పెట్టాడు కాబట్టే. 1950లో ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్ మీద మొదటిసారి వాతావరణ అంచనా వేశారు. ఒక రోజు అంచనాకు దాదాపు ఒక రోజే పట్టింది. ఇవాళ మన ఫోనులో వర్షం సూచన వస్తోందంటే దాని మూలం అక్కడ ఉంది.

ఇక అమ్మ అడిగిన ప్రశ్న. అమ్మా, ఈ భాగం మీరూ చదవండి. చట్టం సంగతి ముందు చెబుతాను. మైనారిటీలకు విద్యాసంస్థలు నడుపుకునే హక్కు రాజ్యాంగం 30వ అధికరణంలో ఉంది. 28వ అధికరణం మూడో క్లాజు ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు గానీ నిధులు గానీ ఉన్న విద్యాసంస్థలో చదివే ఎవరినీ వారి సమ్మతి లేకుండా మతబోధనకూ ఆరాధనకూ కూర్చోబెట్టకూడదు. పిల్లలు మైనర్లయితే సంరక్షకుల సమ్మతి కావాలి. చట్టం పక్కన పెట్టి నా అనుభవం చెప్పాలంటే, మా కళాశాలలో ఉదయం పది నిమిషాల ప్రార్థన ఉండేది. కొన్నాళ్లు వెళ్లాను, కొన్నాళ్లు వెళ్లలేదు, ఎవరూ ఏమీ అనలేదు. డిసెంబరులో కీర్తనలు సాధన చేసేవాళ్ల గొంతులు గ్రంథాలయం దాకా వినిపించేవి, వింటూ లెక్కలు చేసుకునేవాణ్ణి. సెలవులకు ఇంటికి వచ్చి, అమ్మతో పాటు యాదగిరిగుట్ట మెట్లు ఎప్పటిలాగే ఎక్కాను.

ప్రార్థనా మందిరం పక్కన ప్రయోగశాల ఉంటే సైన్సు తక్కువవుతుందని ఎవరైనా అంటే వారికి జార్జ్ లెమైత్రే గురించి చెప్పండి. ఆయన బెల్జియంలో కేథలిక్ పూజారి, లూవెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. విశ్వం విస్తరిస్తోందని 1927లోనే సమీకరణాలతో చూపినవాడు. 1951లో పోప్ 12వ పయస్ ఆ సిద్ధాంతాన్ని దేవుడి సృష్టికి సాక్ష్యంగా ప్రస్తావిస్తే లెమైత్రేకు నచ్చలేదు. తన సిద్ధాంతం మత ప్రశ్నలకు పూర్తిగా వెలుపల ఉందన్నది ఆయన అభిప్రాయం. లెక్కలంటే ఆయనకు అపారమైన ఇష్టం. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు భూ అయస్కాంత క్షేత్రంలో పట్టే దారులను 1930లలోనే లెక్కించే యంత్రంతో గుర్తించారు. 1958లో తమ విశ్వవిద్యాలయానికి మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ తెచ్చిందీ ఆయనే.

అదే లూవెన్‌లో డాక్టరేట్ చేసిన మన హైదరాబాద్ మనిషి ఒకరున్నారు, అనీసుర్ రహమాన్, 1927లో పుట్టారు. తర్వాత అమెరికాలోని ఆర్గోన్ (Argonne) ప్రయోగశాలలో చేరి, 1964లో ఆర్గాన్ అనే వాయువు పరమాణువులు 864 తీసుకుని, వాటిని కంప్యూటర్లో కదిలించి ద్రవం ఎలా ప్రవర్తిస్తుందో చూపించారు. సెకనులో వంద లక్షల కోట్లవ వంతు, అదీ ఆయన వేసిన ఒక్కో అడుగు. ఇవాళ మందుల తయారీలో, బ్యాటరీల పరిశోధనలో వాడే మాలిక్యులర్ డైనమిక్స్‌కు బాట వేసింది ఆ పనే. అమెరికన్ ఫిజికల్ సొసైటీ కంప్యుటేషనల్ ఫిజిక్స్‌లో ఇచ్చే బహుమతి ఆయన పేరు మీదే ఉంది. నల్లగొండ నుంచి రెండు గంటల దూరంలో పుట్టిన ఈ మనిషి పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు? నాకు నిజంగా బాధగా ఉంటుంది.

తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లకు ఒక మాట. మొదటి రెండు నెలలు కష్టంగా ఉంటుంది. ద్రవ్యవేగం మీకు బాగా తెలుసు, కానీ మొమెంటమ్ అనగానే అది వేరే ఏదో అనిపిస్తుంది. అవకలన సమీకరణం చేయగలరు, దాని ఇంగ్లీషు పేరు చెవిన పడగానే పెన్ను ఆగుతుంది. తెలియనిది పేరు మాత్రమే. ఒక నోటుపుస్తకంలో ఎడమవైపు తెలుగు, కుడివైపు ఇంగ్లీషు రాసుకోండి. నేను అలాగే చేశాను, ఆ పుస్తకం డిసెంబరు తర్వాత తెరవాల్సిన అవసరం రాలేదు. ప్రోగ్రామింగ్ ముందే రాకపోయినా దిగులు వద్దు. గణితం మాత్రం వదలకండి.

చదివాక ఏం చేస్తారని మీ నాన్నలు అడుగుతారు. ఉద్యోగాల జాబితా నేను రాయను, అవి మారుతుంటాయి. ఒక పని మాత్రం చూపిస్తాను. చౌటుప్పల్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ల పరిశోధనా క్షేత్రం ఉంది. గ్రానైట్ పగుళ్లలో నీళ్లు ఎలా కదులుతాయో బోర్లు వేసి అక్కడ పరిశీలిస్తారు. గుట్ట రాతిలో వేడి పాకే సమీకరణమే, గుణకాలు మార్చితే, భూగర్భ జలం కదిలే సమీకరణం. మునుగోడు, మర్రిగూడ వైపు వంకర తిరిగిన కాళ్లతో ఉన్న పెద్దవాళ్లను మీరు చూశారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడు, ఆ రాతిలోని ఖనిజాల నుంచే బోరు నీళ్లలోకి కరిగింది. పటిక, సున్నంతో ఫ్లోరైడును తొలగించే పద్ధతికి లోకమంతా నల్లగొండ పద్ధతి అని మన జిల్లా పేరే పెట్టుకుంది. ఏ బోరులో ఏ లోతున ఎంత ఫ్లోరైడు వస్తుందో, వర్షం ఎక్కడ ఇంకితే అది పలచబడుతుందో లెక్క కట్టేవాళ్లు ఇక్కడి పిల్లలే కావాలని నాకు ఆశ. ఆ లెక్కలో నిమిషం అడుగు వేసి, వచ్చిన అంకెను సరిచూడకుండా ఊరివాళ్లకు ఇస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు ఆ పాతిక వరుసల ప్రోగ్రాము రాసి తీసుకురండి. నా దగ్గర మూడు థర్మామీటర్లు ఉన్నాయి. మా వీధిలో బోర్లు వేసే అతనితో మాట్లాడాను. మా పెరట్లో ఉన్న బండకు 20 సెంటీమీటర్లకు ఒకటి, 60 సెంటీమీటర్లకు ఒకటి రంధ్రం వేసి ఇస్తానన్నాడు. రాత్రి రెండింటికి మీలో ఎవరో ఒకరు మేలుకుని అంకె రాసుకోవాలి. టార్చిలైటు, టీ నేను చూసుకుంటాను.

ఆశీస్సులతో,
మీ ఫిజిక్స్ సారు