కంటికి కనబడే వాసన

"వాసనకి ఫొటో తీయొచ్చా మాస్టారూ?" అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. తీయొచ్చు. మన వంటింటి పసుపుతోనే మొదలుపెట్టొచ్చు.

తెల్లచొక్కా మీద పడ్డ పప్పు మరకకి సబ్బు రుద్దితే పసుపు కాస్తా ఎర్రబడుతుంది కదా. పసుపులోని కర్‌క్యుమిన్‌కి సబ్బు, సున్నం, అమ్మోనియా లాంటి క్షారం తగిలితే రంగు మారుతుంది. పారాణి అయినా, దిష్టి తీసే ఎర్రనీళ్లయినా ఇదే సంగతి. నీళ్లు ఎర్రబడేది సున్నం వల్ల, ఎవరి కళ్ల వల్లా కాదు. దీన్ని ప్రతి బడిలో పిల్లల చేత స్వయంగా చేయించాలి. మంత్రగాడు పసుపునీళ్లను 'నెత్తురు' చేసి చూపిస్తే అప్పుడు వాళ్లు భయపడరు.

పసుపు నీళ్లలో సరిగా కరగదు కాబట్టి శానిటైజర్‌లో కలిపి ఒక తెల్లకాగితానికి పూయండి. ఆరాక కాస్త తడిపి, పెద్దవాళ్ల సమక్షంలో, కిటికీ తెరిచి, అమ్మోనియా సీసా మూతి పైన పట్టుకోండి. ద్రవం తగలకపోయినా ఉత్త ఆవిరికే కాగితం మీద ఇటుకరంగు పాకుతుంది. ముక్కు అదిరే ఘాటు కంటికి కనబడిందన్నమాట! గాలికి వదిలేస్తే అమ్మోనియా ఎగిరిపోయి మెల్లగా మళ్లీ పసుపే మిగులుతుంది. రొయ్యలు పాడయ్యేటప్పుడు వచ్చే వాసనలోనూ అమ్మోనియా, దాని చుట్టాలైన అమీన్లు ఉంటాయి. అందుకే రొయ్యల ప్యాకెట్లో కర్‌క్యుమిన్ పట్టీ పెట్టి తాజాదనం కనిపెట్టే ప్రయోగాలు కూడా జరిగాయి.

అయితే పసుపు 'క్షారం వచ్చింది' అంటుంది గానీ ఏ క్షారమో చెప్పలేదు. 2000లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కెనెత్ సస్లిక్, నీల్ రకావ్ ఒక్క రంగుకు బదులు చాలా రంగుల చుక్కలు పెట్టారు. వాళ్లు వాడినవి మెటలోపార్ఫిరిన్లు. మన నెత్తురుకు ఎరుపునిచ్చే హీమ్‌ది కూడా ఆ కుటుంబమే. నాలుగు నైట్రోజన్ల నడుమ ఒక లోహ పరమాణువు కూర్చుని ఉంటుంది. వాసన అణువు వచ్చి ఆ లోహాన్ని పట్టుకోగానే ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిలు జరిగి, అది పీల్చుకునే కాంతి మారిపోతుంది. ఆక్సిజన్ తగిలి నెత్తురు నిగనిగలాడే ఎరుపుకు తిరగడం ఇలాంటిదే. లోహాన్ని తగరం, జింకు, కోబాల్టు అని మారుస్తూ పోతే ఒక్కో చుక్క ఒక్కో రకం వాసనకు ఎక్కువగా స్పందిస్తుంది.

2009 నాటికి ఇది, ఇంకా వేరే రకాల రంగులు కూడా చేర్చి, తపాలా బిళ్లంత పట్టీ మీద ఆరు వరసలు ఆరు చుక్కల ముగ్గయింది. మామూలు స్కానర్‌తో వాసనకు ముందొక ఫొటో, తర్వాత ఒక ఫొటో తీస్తారు. ప్రతి చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత మారాయో లెక్కిస్తే 36×3, మొత్తం 108 అంకెలు వస్తాయి. ఆ తేడాలనే రంగులుగా వేస్తే ఏ వాయువు ముగ్గు దానిదే. ప్రాణానికో ఆరోగ్యానికో వెంటనే ముప్పు తెచ్చే మోతాదులో ఉన్న 19 రకాల పారిశ్రామిక విషాలను అది రెండు నిమిషాల్లో విడివిడిగా గుర్తించింది. మన ముక్కులోని సుమారు 400 రకాల గ్రాహకాలు (వాసన అణువులను పట్టే ప్రోటీన్లు) చేసేదీ ఇలాంటి పనే. మల్లెపూలకంటూ ప్రత్యేకంగా ఒక గ్రాహకం లేదు, చాలా గ్రాహకాలు కలిసి వేసే ముగ్గే ఉంది.

ఒక్క ఇబ్బంది ఉంది. పసుపు కాగితం మళ్లీ మొదటి రంగుకు వస్తుంది గానీ ఈ చుక్కల్లో కొన్ని అలా రావు. అణువును గట్టిగా పట్టుకుంటేనే రంగు బాగా మారుతుంది, గట్టిగా పట్టుకున్నది తేలిగ్గా వదలదు. అందుకని పట్టీని ఒక్కసారి వాడి పారేస్తారు.