మామయ్యకు లివర్ డాక్టరెందుకు?

చిన్నీకి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

"మామయ్యకు జబ్బు పేగుల్లో కదా, లివర్ డాక్టర్ దగ్గరికి ఎందుకు వెళ్తున్నాడు?" అని అడిగావు చిన్నీ. ఫోన్లో తెమిలేది కాదని ఉత్తరం రాస్తున్నాను.

మామయ్యది అల్సరేటివ్ కొలైటిస్. ఒంటికి కాపలా కాసే తెల్లకణాలు సొంత పెద్దపేగు మీదే పడతాయి. ఇది ఉన్నవాళ్ళలో నూటికి ఏ అయిదుగురికో, లివర్‌లోంచి పైత్యరసం దిగే గొట్టాలు కూడా వాచి, మచ్చలు కట్టి ఇరుకైపోతాయి. ఆ జబ్బు పేరు చాలా పొడవు, పీయస్సీ అంటారు. మామయ్య రక్తపరీక్షలో లివర్ అంకె ఒకటి పెరిగేసరికి, అదేమోనని స్కాన్ రాశారు. అటునుంచి చూస్తే ఇంకా విచిత్రం. ఉత్తర యూరప్‌లో పీయస్సీ వచ్చినవాళ్ళలో నూటికి డెబ్బై మందికి పేగు జబ్బు కూడా ఉంటుంది.

ఎందుకలా? విత్తనం సంగతి చెప్తాను. మా నాన్న ఒకే బస్తా విత్తనం మెరక చేలోనూ పల్లపు చేలోనూ చల్లేవాడు. మీరు తినే సాంబ మసూరి ఎంత రుచో, అగ్గితెగులుకు అంత తేలిగ్గా లొంగుతుంది. అలాగని విత్తనంతోనే తెగులు రాదు. రాత్రి చలి, ఆకు మీద మంచు, మోతాదు మించిన యూరియా, ఇవన్నీ కలవాలి. ఒక ఏడు ఒక చేను పోయేది, ఒక ఏడు రెండూ పోయేవి. బడికి వెళ్ళేముందు గట్ల మీద తిరిగి, ఆకుల మీద నూలుకండె ఆకారం మచ్చలు వెతకడం నా పని. మచ్చ దొరికితే నాన్నకు దిగులు, నాకేమో ఏదో గెలిచినట్టు ఉండేది!

మన పేగు చేలోనూ లివర్ చేలోనూ పడింది ఒకే విత్తనం, అమ్మానాన్నలిచ్చిన జన్యువులు. జన్యువులు క్రోమోజోమ్‌లనే పోగుల మీద వరసగా ఉంటాయి. వాటిలో ఆరో క్రోమోజోమ్ మీద హెచ్ఎల్ఏ అనే జన్యువుల గుంపు ఉంది. మనదేదో పరాయిదేదో తెల్లకణాలు పోల్చుకోవడానికి అవి సాయం చేస్తాయి. రెండు జబ్బుల్లోనూ ఆ గుంపు పేరు వినిపిస్తుంది, పీయస్సీలో మరీ గట్టిగా. మూడో క్రోమోజోమ్ మీద కూడా రెండింటికీ ఉమ్మడి చోటు ఒకటుంది.

అయితే 2017లో దాదాపు 4,800 మంది పీయస్సీ రోగుల జన్యువులు పరీక్షించినప్పుడు, రెండు జబ్బులకూ పోలిక ఉంది గానీ, అవి అంతగా జంటగా రావడానికి ఆ పోలిక ఒక్కటే సరిపోదని తేలింది. పెద్దపేగు మొత్తం తీసేసినా పీయస్సీ ఆగదు. నా విత్తనం కథ ఎంత సాగదీసినా ఇక్కడికొచ్చి ఆగిపోతుంది. ఆ తర్వాతిది పెద్ద పెద్దవాళ్ళకే అంతుపట్టలేదు, మీరు పెద్దయ్యాక చూడండి.

మాకూ వస్తుందా అని బుజ్జిగాడు లోలోపల టెన్షన్ పడుతుంటాడు, నాకు తెలుసు. స్వీడన్‌లో లెక్క తీస్తే, పీయస్సీ ఉన్నవాళ్ళ తోబుట్టువులకూ పిల్లలకూ ముప్పు పదింతలు. కానీ అక్కడ అది లక్షమందిలో పది పదిహేను మందికి ఉండే జబ్బురా! పదింతలైనా వెయ్యికి ఒకరో ఇద్దరో. మీరేమో మేనల్లుళ్ళు, ఇంకా దూరం.

మామయ్య కారాలు తిని తెచ్చుకున్నాడని ఎవరైనా అంటే ఎదురు మాట్లాడకండి. నమ్మకండి కూడా.

ఆదివారం నాన్నతో మటన్ కొట్టుకు వెళ్ళండి. కార్జం కోసేటప్పుడు చేదుకట్టు, అంటే పైత్యరసం నిలవుండే సంచి, చిట్లకుండా ఎలా తీస్తారో గమనించండి. అక్కణ్ణుంచి పేగులోకి పోయే సన్న గొట్టం ఏదో చూపించమని అడగండి.

మీ తాతయ్య