కో-ఆప్ గేములు ఎందుకు మధ్యలో ఆగిపోతాయి: అపోహలు - వాస్తవాలు

కో-ఆప్ అంటే స్నేహితులు ఒకే జట్టుగా కలిసి ఆడే గేమ్. అలా మొదలుపెట్టిన గేమ్ ఆగిపోతే నింద మనుషుల మీదికి పోతుంది. లోపం ఎక్కువగా ఏర్పాట్లలో ఉంటుంది, దాన్ని సరిదిద్దుకోవచ్చు.

అపోహ: అందరికీ కుదిరిన రోజు ఆడుకుంటే చాలు.
ఉద్యోగాలు, పిల్లలు ఉన్న నలుగురికి అలాంటి రోజు దానంతటది రాదు. ప్రతివారం వాట్సాప్‌లో "ఎప్పుడు ఆడదాం?" అని అడుగుతూ పోతే కొన్నాళ్లకు జవాబులే రావు. వారంలో ఏ రోజో, ఏ గంటకో ఒక్కసారి ఖాయం చేసుకోండి. రాలేనివాళ్లు ముందురోజు చెప్పాలి. ఆట ముగించే సమయమూ అప్పుడే అనుకోవాలి. చాలామంది వదిలేసేది ఇదే. పొద్దున్నే ఆఫీసున్న మనిషి రాత్రి 11కి ఆపేస్తారన్న నమ్మకం ఉంటేనే వారం వారం వస్తాడు. స్టార్‌డ్యూ వ్యాలీ గేమ్‌లో గడిచే ఒక పూర్తి రోజుకు మనకు పట్టేది సుమారు 14 నిమిషాలు; 10:50కి కొత్త రోజు మొదలుపెట్టకండి.

అపోహ: ఒకరు రాకపోతే ఆ రోజు ఆట రద్దు.
అది గేమ్‌ని బట్టి ఉంటుంది. డీప్ రాక్ గెలాక్టిక్‌లో ఏ మిషన్‌కి ఆ మిషన్ విడి, ఇద్దరొచ్చినా నడుస్తుంది. బాల్డర్స్ గేట్ 3లో రానివాళ్ల పాత్రను హోస్ట్ (ఆటను తన దగ్గర నడుపుతూ మిగతావాళ్లను చేర్చుకునే మనిషి) నడిపించగలడు, కానీ కథ వాళ్లు లేకుండానే ముందుకు పోతుంది. ఇట్ టేక్స్ టూకి ఇద్దరూ ఉండి తీరాలి. నలుగురిలో ముగ్గురొస్తే అసలు గేమ్, ఇద్దరే వస్తే రెండో గేమ్ అని ముందే ఒప్పందం చేసుకోండి.

అపోహ: అందరూ గేమ్ కొనాల్సిందే.
ఇట్ టేక్స్ టూ, స్ప్లిట్ ఫిక్షన్‌లకు ఫ్రెండ్స్ పాస్ ఉంది. ఒకరు కొంటే చాలు, రెండోవాళ్లు ఆ పాస్‌తో ఉచితంగా చేరొచ్చు.

అపోహ: హోస్ట్ ఎవరైనా ఒకటే.
గ్రూపులను ఎక్కువగా చెడగొట్టేది ఇదే. వాల్‌హైమ్‌లో పాత్ర ఎవరిది వాళ్ల దగ్గరే సేవ్ అవుతుంది, ప్రపంచం మాత్రం హోస్ట్ దగ్గర ఉంటుంది. ఆ మనిషి ఊరెళితే మిగతావాళ్లకు దారి మూసుకుపోతుంది. హోస్ట్‌ని మార్చాలంటే ఆ ప్రపంచం పేరుతో ఉన్న .డీబీ, .ఎఫ్‌డబ్ల్యూఎల్ ఫైళ్లు రెండూ పంపాలి. ఇద్దరు వేర్వేరు కాపీల్లో ఆడితే వాటిని మళ్లీ కలపలేం; అందుకే తాజా కాపీ ఎవరి దగ్గరుందో గ్రూపులో రాసిపెట్టండి. ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటర్ ఒకటుంటే గేముల స్టోర్ అయిన స్టీమ్‌లో ఉచితంగా దొరికే డెడికేటెడ్ సర్వర్ (హోస్ట్ లేకపోయినా ప్రపంచాన్ని నడిపే ప్రోగ్రాం) పెట్టుకోవడమే మేలు. అప్పుడు ఇంకో చిక్కు వస్తుంది: తీరిక ఉన్నవాళ్లు ఒక్కరే వెళ్లి బాస్‌ని, అంటే గేమ్‌లోని పెద్ద శత్రువుని, చంపేస్తారు. మిగతావాళ్లకు ఆ ఉత్సాహం మిగలదు. విడిగా ఆడేటప్పుడు కలప, రాయి పోగేయొచ్చు, బాస్ జోలికి వెళ్లకూడదని నియమం పెట్టండి.

అపోహ: అమెరికాలో ఉన్న స్నేహితుడితో టైమ్ ఒకసారి లెక్కేసుకుంటే సరిపోతుంది.
హైదరాబాద్‌లో శనివారం ఉదయం 9 గంటలంటే డల్లాస్‌లో వేసవిలో శుక్రవారం రాత్రి 10:30, చలికాలంలో 9:30. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం అక్కడి గడియారం మారుతుంది. ఎవరి గడియారం ప్రకారం నడవాలో తేల్చుకోండి. డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో ఈవెంట్ పెడితే ఎవరి సమయం వాళ్లకు కనిపిస్తుంది. అంత దూరంలో పింగ్ (సిగ్నల్ వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) 200 మిల్లీసెకన్లు దాటుతుంది కాబట్టి షూటర్ల కంటే వంతులవారీగా ఆడే గేములు నయం.

అపోహ: అప్‌డేట్ కూర్చున్నాక చేసుకోవచ్చు.
50 ఎంబీపీఎస్ లైన్‌లో 20 జీబీకి ఎంత తక్కువన్నా 53 నిమిషాలు. వెర్షన్ కలవకపోతే చాలా గేములు లోపలికి రానివ్వవు. వేరే గేమ్ నడుస్తుంటే స్టీమ్ డౌన్‌లోడ్ ఆపేస్తుంది, సెట్టింగ్ మార్చుకుంటే తప్ప. ముందురోజు రాత్రే గేమ్ తెరిచి, వెర్షన్ నంబరు గ్రూపులో పెట్టండి. మాడ్‌లు (ఆటగాళ్లు తయారుచేసి గేమ్‌కి జోడించే మార్పులు) వాడితే వాటి వెర్షన్లు కూడా.