సారా పాకెట్ నుంచి టెట్రా ప్యాక్ దాకా

2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు ముందుకు విస్కీ నింపిన టెట్రా ప్యాకెట్ ఒకటి వచ్చింది. అసలు కేసు వేరే. ఆఫీసర్స్ చాయిస్, ఒరిజినల్ చాయిస్ అనే రెండు విస్కీల పేర్లు పోలి ఉన్నాయన్న ఏళ్లనాటి తగాదా అది. సరుకు చూపించేసరికి న్యాయమూర్తులు విస్తుపోయారు. జ్యూస్ డబ్బాలా ఉన్న దీన్ని పిల్లలు బడికి పట్టుకెళ్తే ఎలా అని అడిగారు. పేర్ల తగాదా తేల్చే పనిని మాజీ న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావుకు అప్పగించారు. కర్ణాటకలో 90 మిల్లీలీటర్ల టెట్రా ప్యాకెట్లు ఏళ్లుగా దొరుకుతూనే ఉన్నాయి.

మనకు ఈ చర్చ కొత్తేమీ కాదు. 1980ల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే సారాను ప్లాస్టిక్ పాకెట్లలో అమ్మించింది. సీలేసిన పాకెట్‌లో కల్తీ ఉండదు, కొలత తగ్గదు అన్నది అప్పటి వాదన. తీరా చూస్తే పాకెట్ దుకాణం దాటి, సైకిళ్ల మీద, సంచుల్లో, చొక్కా జేబుల్లో ఊరూరికీ చేరింది. మంచినీళ్లు రాని పల్లెకు కూడా సారా వచ్చేది. కూలి డబ్బులు ఇల్లు చేరకుండానే అయిపోయేవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డారు. ఉద్యమం ఊళ్లకు ఊళ్లు పాకింది. పాకెట్లు లాక్కుని రోడ్ల మీద తగలబెట్టారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం 1997లో పోయింది కానీ, సారా పాకెట్ మళ్లీ రాలేదు. దాని స్థానంలో చవక మందు క్వార్టర్ వచ్చి కూర్చుంది.

ఇక సీసాల సంగతి. 2000లో టీవీల్లో మద్యం ప్రకటనలు ఆగిపోయాయి. సోడా పేరుతో చేసే ప్రచారాన్ని పక్కన పెడితే, కొనేవాడి కంటికి నేరుగా కనబడేది సీసానే. అందుకే కంపెనీలు దాని రూపం కోసం, దాని మీది పేరు కోసం కోర్టులెక్కుతున్నాయి. తన ట్యూబోర్గ్ బీరు సీసాను పోలిన సీసా వాడారంటూ కార్ల్స్‌బర్గ్ వేసిన కేసు ఢిల్లీ హైకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల దాకా వెళ్లింది (2018). ‘బ్లెండర్స్ ప్రైడ్’, ‘లండన్ ప్రైడ్’ వివాదంలో ‘ప్రైడ్’ అనే మాట ఒక్కరి సొత్తు కాదని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తేల్చింది.

హైదరాబాద్‌కు సీసాలతో ఉన్న బంధం ఇంకాస్త దగ్గరిది. సనత్‌నగర్‌లో సీసాలు తయారుచేసే అసోసియేటెడ్ గ్లాస్ ఇండస్ట్రీస్ 1972లో మొదలైంది. ఆ కంపెనీ తర్వాత ఇప్పటి ఏజీఐ గ్రీన్‌ప్యాక్‌లో కలిసింది. ఖాళీ అయిన సీసా ఇక్కడ ఊరికే పోదు. పాత సామాన్లవాళ్ల చేతుల్లోంచి మళ్లీ తిరుగుతుంది. కల్లు కాంపౌండ్‌లో కల్లు వచ్చేది చాలాసార్లు పాత బీరు సీసాలోనే. ఖరీదైన బ్రాండ్ల ఖాళీ సీసాల్లో చవక మందు పోసి అమ్మే ముఠాలు నగరంలో పట్టుబడుతూనే ఉన్నాయి. మందు బయటికి వస్తుంది గానీ లోపలికి పోయడానికి వీల్లేకుండా మూతి దగ్గర ప్లాస్టిక్ అడ్డు, మూత మీద తెరిస్తే చిరిగిపోయే ఎక్సైజ్ హోలోగ్రామ్ ఇందుకే వచ్చాయి. టెట్రా ప్యాక్‌ను మళ్లీ నింపలేరు, అది పగలదు అని కంపెనీలు చెప్పేది నిజమే. కానీ సీలేసిన సారా పాకెట్‌కూ అప్పట్లో ఇలాంటి మంచి గుణాలే చెప్పారు. అది ఎవరి జేబులోకి పోతుందో మాత్రం ఆలోచించలేదు.

2019 ఏప్రిల్ 1 నుంచి ఆహార భద్రతా సంస్థ నిబంధనల ప్రకారం ప్రతి సీసా మీదా మద్యం ఆరోగ్యానికి హానికరమని, తాగి బండి నడపొద్దని హెచ్చరిక ఉండాలి. అక్షరాల ఎత్తు కనీసం 3 మిల్లీమీటర్లు. 200 మిల్లీలీటర్లు, అంతకు తక్కువ పట్టే వాటికి మాత్రం 1.5 మిల్లీమీటర్లు చాలు. రోజు కూలీ కొనే 180 మిల్లీలీటర్ల క్వార్టర్ ఆ సడలింపులోకే వస్తుంది, 90 మిల్లీలీటర్ల ప్యాకెట్టూ అంతే. ఆ హెచ్చరికను రాష్ట్రం కావాలనుకుంటే స్థానిక భాషలో ముద్రించుకునే వెసులుబాటు కూడా అదే నిబంధనల్లో ఉంది.