చెస్ క్లబ్‌లో లెవెల్స్‌కి పేర్లు: అపోహలు - వాస్తవాలు

వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆదివారాలు చెస్ క్లబ్ నడుపుతున్నాను. ఆరేళ్ల పిల్లల నుంచి స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన వాళ్ల దాకా వస్తారు. ఎవరి ఎదురుగా ఎవర్ని కూర్చోబెట్టాలన్నదే ప్రతి వారం నా మొదటి పని, దానికోసమే లెవెల్స్, లెవెల్స్ అన్నాక వాటికి పేర్లు కావాలి. ఈ పేర్ల విషయంలో నేను చేసిన తప్పు ఇంకో క్లబ్ వాళ్లు చేయకూడదని రాస్తున్నాను.

అపోహ: పిలవడానికి ఏదో ఒక పేరు ఉంటే చాలు.

మొదట్లో నేనూ అలాగే అనుకుని పావుల పేర్లు పెట్టాను. బంటు, గుర్రం, శకటు, ఏనుగు, మంత్రి. పిల్లలకి తెగ నచ్చాయి. కానీ గుర్రం, శకటు రెండూ సుమారు మూడేసి బంట్ల విలువ చేస్తాయని క్లాసులో చెప్పేది నేనే, గోడ మీద చార్టులో మాత్రం గుర్రం కింద, శకటు పైన. "అయితే నేను పైకి వెళ్లినట్టా, లేనట్టా సార్?" అని ఓ పాప అడిగితే నా దగ్గర జవాబు లేదు.

దానికన్నా బాధపెట్టింది ఇంకొకటి. అరవై దాటిన ఒక మాస్టారు చెస్ కొత్తగా నేర్చుకుందామని వచ్చారు. కొత్తవాళ్లందరిలాగే ఆయన పేరు కూడా 'బంటు' కింద రాశాను. రామబంటు అంటే మనకి ఎంతో గౌరవం, కానీ ముందు రాముడు లేకపోతే ఆ మాటకి మిగిలేది ఒకరి కింద పనిచేసేవాడన్న అర్థమే కదా. మాస్టారు అప్పుడేమీ అనలేదు, తర్వాతి ఆదివారం నుంచి రాలేదంతే. ఫోన్ చేస్తే, "మనవడి వయసు పిల్లలు ఆ చార్టు చదువుతుంటే నిలబడలేకపోయాను బాబూ" అన్నారు. ఆ సాయంత్రమే చార్టు తీసేశాను.

ఇప్పుడు మా లెవెల్ పేర్లు మనిషిని చెప్పవు, చేతనైన పనిని చెప్తాయి. 'ఎత్తులు వచ్చు', 'పావు ఊరికే పోదు', 'గెలిచే ఆట వదలరు', 'తన తప్పు తనే పట్టుకుంటారు'. పొడుగ్గానే ఉన్నాయి, కానీ పై లెవెల్‌కి వెళ్లాలంటే ఏం నేర్చుకోవాలో ఆ పేరే చెప్పేస్తుంది కాబట్టి "మా బాబుని ఎప్పుడు మారుస్తారు సార్?" అన్న ప్రశ్న దాదాపు ఆగిపోయింది.

అపోహ: ఎన్నేళ్లుగా ఆడుతుంటే అంత పై లెవెల్.

ఇంట్లో ఇరవై ఏళ్లు ఆడి, ఎన్‌పాసంట్ (మన బంటు పక్కకి రెండు గళ్లు దూకి వచ్చిన ఎదుటి బంటుని, అది ఒక గడే కదిలినట్టు చంపడం) అనే రూల్ ఉందని తెలియని వాళ్లు వస్తుంటారు. అందులో తప్పేం లేదు, ఇంటి ఆట వేరు. అందుకే మేం ఏళ్లు అడగం, బోర్డు మీద చూస్తాం. మూడో లెవెల్‌కి పరీక్ష ఇది: మీకు రాజు, ఏనుగు, ఎదుటివాళ్లకి ఒంటరి రాజు. మేట్ చేసి, అంటే ఆ రాజుకి చెక్ నుంచి తప్పించుకునే దారి లేకుండా చేసి చూపించాలి. తప్పు లేకుండా ఆడితే ఎక్కడ మొదలుపెట్టినా 16 ఎత్తుల్లోపు అయిపోతుంది, మేం మాత్రం 50 ఎత్తుల దాకా ఆగుతాం, ఎందుకంటే పావు చంపకుండా, బంటు కదలకుండా ఇద్దరివీ చెరో 50 ఎత్తులు గడిస్తే డ్రా అడిగే హక్కు ఎదుటివాళ్లకి వస్తుంది. చార్టు మారిందని చెప్పాక మాస్టారు తిరిగొచ్చారు, పోయిన నెల ఈ మేట్ 31 ఎత్తుల్లో చేశారు. 'పదేళ్ల నుంచి ఆడుతున్నా' అన్న ఒక కుర్రాడికి ఇంకా రాలేదు.

అపోహ: యాప్‌లో 1500 వస్తే ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ కూడా 1500 ఉన్నట్టే.

కాదు. రేటింగ్ లెక్కకట్టే ఈలో పద్ధతిలో అంకె ఒక గుంపులో ఆడేవాళ్ల మధ్య తేడాని మాత్రమే చెప్తుంది. ఒకే గుంపులో ఇద్దరి మధ్య 200 తేడా ఉంటే వంద ఆటల్లో పై ఆటగాడికి సుమారు 76 పాయింట్లు వస్తాయని అంచనా. గుంపు మారితే అంకెకి అర్థం మారిపోతుంది. ఫిడే రేటింగ్‌కి మొదట రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం ఐదు ఆటలు ఆడాలి, పైగా 2024 మార్చి నుంచి జాబితాలో కనీస రేటింగ్‌ని 1000 నుంచి 1400కి పెంచారు. కాబట్టి మీ పిల్లాడికి రేటింగ్ లేదంటే ఆట రాదని కాదు, దిగులు పడకండి.

అపోహ: సర్టిఫికెట్ మీద 'జూనియర్ మాస్టర్' అని వేస్తే ఉత్సాహం వస్తుంది.

ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. ఫిడేలో క్యాండిడేట్ మాస్టర్‌కే 2200 రేటింగ్ కావాలి, ఫిడే మాస్టర్‌కి 2300. ఇంటర్నేషనల్ మాస్టర్‌కి 2400, గ్రాండ్‌మాస్టర్‌కి 2500, వాటితోపాటు నార్మ్‌లు, అంటే గట్టి టోర్నమెంట్లలో ఆ స్థాయి ఆట ఆడినట్టు గుర్తింపులు, కూడా సంపాదించాలి. విశ్వనాథన్ ఆనంద్ 1988లో మన దేశానికి మొదటి గ్రాండ్‌మాస్టర్ అయ్యారు, మన రాష్ట్రం నుంచి పెంటేల హరికృష్ణ 2001లో, కోనేరు హంపి 2002లో ఆ టైటిల్ అందుకున్నారు. అంత కష్టం ఉన్న మాటని మూడు నెలల కోర్సు చివర పంచిపెడితే, ఆ పిల్లాడు మొదటి ఓపెన్ టోర్నమెంట్‌లో వరసగా ఓడినప్పుడు తను మోసగాడినేమో అనుకుంటాడు. అలా ఏడుస్తూ వచ్చిన పిల్లాణ్ని చూశాను. క్లబ్ పేర్లు క్లబ్‌వే ఉండాలి.

అపోహ: కరాటే బెల్టుల్లా చాలా లెవెల్స్ ఉంటే మంచిది.

మాకు నాలుగు సరిపోయాయి. ముప్పై మందికి పది లెవెల్స్ పెడితే ఒక్కో టేబుల్‌కి జత దొరకదు.

అపోహ: ఒకసారి పైకి పంపాక కిందికి దించకూడదు.

గ్రాండ్‌మాస్టర్ లాంటి ఫిడే టైటిల్ జీవితాంతం ఉంటుంది, రేటింగ్ మాత్రం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. క్లబ్ లెవెల్ రేటింగ్ లాంటిది. టెన్త్ పరీక్షల కోసం ఏడాది మానేసి వచ్చిన పిల్లని నేరుగా పాత టేబుల్‌కి పంపితే వారం వారం ఓడి టెన్షన్ పడుతుంది. మేం అందరి ముందూ చెప్పం, "ఈ నెల రెండో టేబుల్ దగ్గర కూర్చో తల్లీ, చేయి తిరిగాక చూద్దాం" అని పక్కకి పిలిచి చెప్తాం. చార్టు మీద ఇప్పుడు ఎవరి పేర్లూ లేవు, లెవెల్స్ మాత్రమే ఉన్నాయి, ఎవరు ఎక్కడన్నది నా నోట్‌బుక్‌లో ఉంటుంది.