‘చిన్న వయసు కదా, అదే సర్దుకుంటుంది’: పిల్లల తల గాయాలపై అపోహలు - వాస్తవాలు

నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఇలాగే మొదలుపెడతారు: "అప్పుడెప్పుడో తలకు దెబ్బ తగిలింది మేడమ్, అది పూర్తిగా తగ్గిపోయింది. ఇప్పుడు సమస్యల్లా చదువే." ఆ రెండింటికీ సంబంధం ఉండొచ్చని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. పైగా ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే "చిన్న వయసు కదా, మెదడు అదే సర్దుకుంటుంది" అని బంధువులంతా ధైర్యం చెప్పి ఉంటారు. మెదడు గాయం జ్ఞాపకశక్తినీ, ఆలోచననీ, ప్రవర్తననీ ఎలా మార్చిందో పరీక్షించే న్యూరోసైకాలజిస్టుగా నేను రోజూ పోట్లాడేది ఆ మాటతోనే. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు దానికే. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: వయసు ఎంత తక్కువైతే అంత బాగా కోలుకుంటారు.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. 1930లలో అమెరికాలో మార్గరెట్ కెన్నార్డ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద ప్రయోగాలు చేశారు. మెదడులో కదలికలను నడిపే భాగం దెబ్బతిన్నప్పుడు పెద్ద కోతులకంటే పిల్ల కోతులు బాగా కోలుకున్నాయి. ఆమె చూసింది కాళ్లూ చేతుల కదలికను. తర్వాతివాళ్లు దాన్ని జ్ఞాపకశక్తికీ, ఏకాగ్రతకీ, ఆలోచనకీ కూడా అంటగట్టారు. ఇప్పుడు మనకు తెలిసింది దాదాపు దానికి విరుద్ధం. తీవ్రమైన గాయం బడికి వెళ్లకముందో, తొలి తరగతుల్లోనో అయితే, టీనేజీలో అయినవాళ్లకంటే చదువులోనూ ప్రవర్తనలోనూ ఎక్కువ ఇబ్బందులు మిగులుతాయి.

పాతికేళ్లవాడికి దెబ్బ తగిలితే, అప్పటికే వచ్చిన చదవడం, లెక్కలు, పనిలో అలవాట్లు చాలావరకు నిలిచే ఉంటాయి. ఆరేళ్ల పిల్ల అవన్నీ ఇకమీదట, ఆ దెబ్బతిన్న మెదడుతోనే నేర్చుకోవాలి. కోతకొచ్చిన చేలో వాన పడటం వేరు, నారుమడి మునిగిపోవడం వేరు. అదీగాక ప్లానింగ్, నిగ్రహం, ఒకేసారి రెండు మూడు విషయాలు మనసులో పట్టి ఉంచుకోవడం, వీటిని చూసే ఫ్రంటల్ లోబ్, అంటే మెదడు ముందు భాగం, పూర్తిగా ఎదగాలంటే ఇరవై ఏళ్లు దాటాలి. రెండో తరగతిలో వీటి అవసరం పెద్దగా పడదు. ఏం చేయాలో టీచరే చెబుతుంది, బ్యాగు అమ్మ సర్దుతుంది. కాబట్టి లోటు కనబడదు. ఆరో తరగతికొచ్చాక సబ్జెక్టుకో టీచరు, నోట్సులు, ప్రాజెక్టులు, వారం వారం టెస్టులు. అప్పుడు బయటపడుతుంది. అప్పటికి గాయం సంగతి ఇంట్లో అందరూ మర్చిపోయి ఉంటారు.

ఒక బాబు సంగతి చెప్తాను. రెండో తరగతిలో ఉండగా సంక్రాంతి సెలవుల్లో గాలిపటం ఎగరేస్తూ మేడ మీద నుంచి పడ్డాడు. ఏడో తరగతిలో నా దగ్గరకు తెచ్చారు, ‘కాన్సంట్రేషన్ లేదు’ అని. పాత కాగితాలు ఉన్నాయా అని నేను అడిగితే తప్ప వాళ్ల నాన్న డిశ్చార్జ్ సమ్మరీ బయటకు తీయలేదు. అందులో జీసీఎస్ 7 అని ఉంది. గాయమైనప్పుడు ఎంత స్పృహలో ఉన్నారో చెప్పే స్కోరు అది, 15 అంటే పూర్తి స్పృహ, 8 లేదా అంతకన్నా తక్కువ అంటే తీవ్రం. తీవ్రమైన గాయమే. కుట్లు విప్పించుకోవడానికి వెళ్లాక మళ్లీ ఏ డాక్టరుకూ చూపించలేదు.

వాడి సోషల్ నోట్‌బుక్ తెరిచాను. ప్రతి పేజీలో మొదటి మూడు నాలుగు లైన్లు పొందిగ్గా ఉన్నాయి. ఆ తర్వాత అక్షరాలు పెద్దవైపోయి, గీత దాటి కిందికి జారి, పేజీ సగంలో వాక్యం మధ్యలోనే ఆగిపోయాయి. పక్కన ఎర్ర ఇంకుతో ‘ఇన్‌కంప్లీట్’, ‘కేర్‌లెస్’. వాడు అంతవరకు రాసేసరికి బోర్డు తుడిచేస్తున్నారు. మా టెస్టుల్లో పదసంపద, లోకజ్ఞానం వయసుకు తగ్గట్టే ఉన్నాయి. ప్రాసెసింగ్ స్పీడ్ (చూసింది, విన్నది అర్థం చేసుకుని పని చేసే వేగం), వర్కింగ్ మెమరీ (పని అయ్యేదాకా విషయాలు మనసులో పట్టి ఉంచుకోవడం) మాత్రం బాగా తక్కువ. అంతకుముందు ఎక్కడో చేయించిన ఐక్యూ టెస్టులో మొత్తం మీద నార్మల్ అని వచ్చింది. ఆ కాగితం చూసి ‘తెలివుండీ కావాలనే చదవట్లేదు’ అని ఇంట్లోనూ బడిలోనూ కొట్టారు. నేను రిపోర్టు వివరించాక ఆ తండ్రి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే వాడికి నిజంగానే అందట్లేదా మేడమ్?" అన్నారు.

ఆ తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. బిడ్డ బతికి బయటపడ్డాడు, నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు. అంతకుమించి అడగడానికి కూడా భయపడే స్థితిలో ఉంటారు వాళ్లు. నా కోపమంతా ఏమీ తెలియకుండానే ‘అదే సర్దుకుంటుంది’ అని తీర్పు చెప్పేవాళ్ల మీద.

మేం చేసిన రీహాబ్‌లో, అంటే లోటుతోనే పనులు చేసుకునేలా ఇచ్చిన శిక్షణలో, మెషీన్లేమీ లేవు. నోట్సు జిరాక్స్ ఇవ్వడానికి బడివాళ్లు ఒప్పుకున్నారు. పది లెక్కల చోట ఐదు ఇచ్చారు. హోంవర్కు పదిహేను నిమిషాలు, కాసేపు విరామం, మళ్లీ పదిహేను నిమిషాలు. ‘ఏం చేయాలి? మొదట ఏది? తర్వాత ఏది? అయిందా?’ అని రాసిన కార్డు కంపాస్ బాక్సు మూత లోపల అంటించాం. ఏ పని మొదలుపెట్టినా దాన్ని ముందు పైకి చదవడం, కొన్నాళ్లకు మనసులో చదువుకోవడం, ఇలా నెలల తరబడి అలవాటు చేయించాం. వాడి వేగం పెద్దగా పెరగలేదు. కానీ మొదలుపెట్టిన పని పూర్తిచేయడం వచ్చింది.

ఇక మిగతావి.

ఎంఆర్ఐ నార్మల్ అంటే మెదడు నార్మల్ అని కాదు. ఎమర్జెన్సీలో తీసే సీటీ స్కాన్ రక్తస్రావం, వాపు, ఎముక విరగడం చూడటానికి. నరాల తీగలు సాగి, తెగిన గాయాలు సీటీలో చాలాసార్లు కనిపించవు, మామూలు ఎంఆర్ఐకి కూడా కొన్ని అందవు.

మెమరీ గేములు ఆడితే ఆ గేములు బాగా వస్తాయి. పాఠం గుర్తుండటం వేరే సంగతి. తమ గేములు చదువులోనూ పనిలోనూ మెరుగుపరుస్తాయని ప్రచారం చేసుకున్న లూమోసిటీ కంపెనీ 2016లో అమెరికా ప్రభుత్వ సంస్థకు 20 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. అలాంటి గేములకు కట్టే చందా డబ్బులతో ఒక మంచి డైరీ, అలారం పెట్టుకునే వాచీ కొనండి.

గాయం వల్ల పోయిన జ్ఞాపకశక్తిని తెచ్చిపెడుతుందని గట్టిగా రుజువైన టానిక్ గానీ, లేహ్యం గానీ ఏదీ లేదు. ఫిట్స్ మందులు వాడుతున్న పిల్లలకు డాక్టరును అడగకుండా ఏదీ పట్టకండి.

‘ఏడాది దాటింది, ఇక రాదు’ అన్నదీ తప్పే. తొలి నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, నిజమే. కానీ లోటును దాటుకుని పని చేసుకునే పద్ధతులు ఎన్నేళ్ల తర్వాతైనా నేర్పవచ్చు.

దెబ్బ చిన్నదైతే పిల్లలను నెలల తరబడి చీకటి గదిలో పడుకోబెట్టడం మంచిది కాదు. ఒకటి రెండు రోజుల విశ్రాంతి చాలు. ఆ తర్వాత తలనొప్పి, అలసట చూసుకుంటూ మెల్లమెల్లగా బడికి పంపాలి. ఆటల్లోకి మాత్రం డాక్టరు సరేనన్నాకే.

ఒక్క అపోహ దగ్గర మాత్రం ఆగాలి: ‘పెళ్లి చేస్తే దారిలో పడతాడు.’ బైక్ యాక్సిడెంట్ అయిన ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాళ్ల ఇళ్లలో ఇది తప్పకుండా వినిపిస్తుంది. పొద్దున్న లేచి తనంతట తాను ఏ పనీ మొదలుపెట్టడు, చిన్నదానికే అరుస్తాడు, డబ్బు చేతిలో నిలవదు. బాధ్యత తెలియకపోవడం అనుకుంటారు. అది ఫ్రంటల్ లోబ్ గాయం, పసుపుతాడుతో మానేది కాదు. అవతలివాళ్లకు సంగతి దాచి చేసిన పెళ్లిళ్లు చూశాను. ఆ అమ్మాయిలు నా గదిలో కూర్చుని ఏడవడం కూడా చూశాను. ముందు రీహాబ్ చేయించండి. సంబంధం చూసేటప్పుడు ఉన్నదున్నట్టు చెప్పండి.

చివరిగా కాగితాల సంగతి. డిశ్చార్జ్ సమ్మరీ పారేయకండి. మూడో తరగతికి, ఆరుకి, పదికి, ఇంటర్‌కి వెళ్లే ముందు ఒకసారి న్యూరోసైకలాజికల్ అసెస్‌మెంట్ చేయించండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం జాబితాలోని 21 వైకల్యాల్లో తల గాయం విడిగా లేదు. దాని వల్ల వచ్చిన లోటు ఏ కోవలోకి వస్తుందో చూసి సర్టిఫికెట్ ఇస్తారు కాబట్టి, ఆ సర్టిఫికెట్ కోసం జరిపే సదరం క్యాంపుకి అసెస్‌మెంట్ రిపోర్టు వెంట తీసుకెళ్లండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉందని నిర్ధారణ అయితే రాత పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం అడగవచ్చు. ఆ సర్టిఫికెట్ చేతికి రావడానికి రోజులు పడుతుంది, పరీక్ష ఫీజు కట్టే నెలలో కాకుండా జూన్‌లోనే పని మొదలుపెట్టండి.