జన్యు మార్పు అంటే వంశపు జబ్బు కాదు

నల్లగొండలో సూక్ష్మదర్శిని ముందు కూర్చునే డాక్టరును నేను. హెచ్‌ఐవీ ఉన్నవారి మెడ గడ్డలో వేగంగా పెరిగే లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) కనిపించినప్పుడు, రిపోర్టులో 'జన్యు మార్పు' అని రాయాల్సి వస్తుంది. ఆ మాట చదివి ఒకావిడ, "పిల్లకు సంబంధాలు చూస్తున్నాం డాక్టరుగారూ, దానికీ వస్తుందా?" అని అడిగింది.

అపోహ: ఈ జన్యు మార్పు పిల్లలకు సంక్రమిస్తుంది.
వాస్తవం: సంక్రమించదు. ఇది పుట్టుకతో వచ్చినది కాదు, పుట్టాక ఎప్పుడో ఒకే ఒక్క బీ కణంలో (యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణం) జరిగిన పొరపాటు. ఇలా వేగంగా పెరిగే రకాల్లో ఒకటైన బర్కిట్ లింఫోమాలో ఎక్కువగా 8వ క్రోమోజోములోని 'మిక్' జన్యువు తెగి, 14వ క్రోమోజోములో యాంటీబాడీ జన్యువు పక్కన అతుక్కుంటుంది. బీ కణంలో యాంటీబాడీ జన్యువు తీరిక లేకుండా పనిచేస్తుంది. ఆ జోరు మిక్‌కు అంటుకుంటే కణం విభజన ఆగదు. జన్యువు తెగిందా అని చూసే 'ఫిష్' పరీక్షలో (చేపతో సంబంధం లేదు!) జన్యువుకు రెండు పక్కలా అంటించిన ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు కలిసి పసుపుగా మెరిస్తే జన్యువు తెగలేదు. విడివిడిగా కనిపిస్తే తెగినట్టే.

అపోహ: హెచ్‌ఐవీయే ఆ కణంలో దూరింది.
వాస్తవం: అది దూరేది ముఖ్యంగా సీడీ4 కణాల్లోకి (రోగనిరోధక శక్తిని నడిపించే మరో రకం తెల్ల రక్తకణాలు). కానీ హెచ్‌ఐవీ వల్ల ఏళ్ళ తరబడి రెచ్చిపోయిన బీ కణాలు తమ డీఎన్ఏను పదేపదే కోసి అతికించుకుంటాయి. ఎప్పుడో ఒక అతుకు తప్పుతుంది. కొందరిలో బీ కణాల్లో దాగే ఎప్‌స్టీన్-బార్ వైరస్ కూడా తోడవుతుంది. సీడీ4 కణాల లెక్క బాగున్నవారిలోనూ బర్కిట్ రావచ్చు.

అపోహ: ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల వచ్చింది.
వాస్తవం: మన జిల్లాలో అన్నిటికీ అదే కారణమంటారు. దాని దెబ్బ పళ్ళకు, ఎముకలకు.

అపోహ: మెడ గడ్డ అంటే టీబీయే, ముందు మందులు వాడి చూద్దాం.
వాస్తవం: హెచ్‌ఐవీ ఉన్నవారిలో టీబీ గడ్డలు మామూలే, కాదనను. కానీ బర్కిట్ రోజుల్లోనే రెట్టింపు కాగలదు. సూదితో తీసిన చిటికెడు కణాలు చాలవు, గడ్డనే తీసి పంపాలి. ఒకసారి దేవరకొండ వైపు నుంచి ముక్క ఉప్పునీళ్ళ సీసాలో వచ్చింది. నా చేతికి అందేసరికి కుళ్ళిపోయింది, మళ్ళీ కోయాల్సి వచ్చింది. వేయాల్సింది ఫార్మలిన్‌లో.

అపోహ: హెచ్‌ఐవీ ఉంటే కీమో తట్టుకోలేరు.
వాస్తవం: హెచ్‌ఐవీని అదుపుచేసే ఏఆర్‌టీ మందులు వాడుతూనే పూర్తి మోతాదు కీమో చాలామంది తీసుకుంటున్నారు. కొన్ని ఏఆర్‌టీ మందులు కీమోతో పడవు, కాబట్టి హెచ్‌ఐవీ డాక్టరుకూ, క్యాన్సర్ డాక్టరుకూ రెండు మందుల జాబితాలూ చూపించాలి. మిక్‌తో పాటు బీసీఎల్2 అనే మరో జన్యువు కూడా తెగి ఉంటే మామూలు 'ఆర్-చాప్' కీమో సరిపోకపోవచ్చు, అందుకే ఫిష్ అడుగుతారు. ఆ పరీక్ష చేసేది గడ్డ ముక్కను మైనంలో పోతపోసిన బ్లాక్ మీద. హైదరాబాద్ వెళ్ళేవారు రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకండి, బ్లాక్ అడిగి తీసుకెళ్ళండి.